కోత పండుగలో మా అమ్మ పెట్టిన కానుక

తొంభై రెండో సంవత్సరం, ఫిబ్రవరి మొదటి ఆదివారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. నా చేతి గడియారం చూసి చెబుతున్నాను. మిలిటరీలో నాకు అక్షరం అబ్బలేదు గానీ గడియారం చూడటం అబ్బింది. అక్కడ కంచరగాడిదలకి దాణా ఐదు నిమిషాలు ఆలస్యమైతే మనిషికి ఆ పూట తిండి ఉండదు. సరిగ్గా ఆ నిమిషానికి మా చర్చిలో సెక్రటరీ మాస్టారు వేలంపాట బల్ల మీదున్న ఒక గోనెగుడ్డ మూట విప్పారు. లోపలున్నది చూశారు. చూసి గబగబా మళ్ళీ కట్టేయబోయారు. కానీ అప్పటికే ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్ళందరూ చూసేశారు.

సీసా. నా సీసా. మిలిటరీ కేంటీను రమ్ము, మూత కూడా తియ్యనిది.

అది దేవుడి బల్ల దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మ సంగతి చెప్పాలంటే ఓడ దగ్గర మొదలుపెట్టాలి. తొందర ఉన్నవాళ్ళు ఇక్కడితో పుస్తకం మూసేసి వాళ్ళ పని చూసుకోవచ్చు. నేనేమీ అనుకోను.

మా నాన్నది చెరుకుపల్లికీ రేపల్లెకీ మధ్య ఒక పల్లె. పేరు రాయను. రాస్తే సెక్రటరీ మాస్టారి మనవలు కర్రలు పట్టుకుని వస్తారు. నాన్న కుర్రతనంలోనే రంగూను పోయి, అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. మిల్లు గేటు దగ్గర ఉడికించిన బఠాణీలు అమ్మే బర్మా పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిల్లే మా అమ్మ. పెళ్ళికి ముందు అక్కడి తెలుగువాళ్ళ చర్చిలో ఆవిడకి బాప్తిస్మం ఇచ్చి, దానికో కాగితం కూడా ఇచ్చారు. ఆ కాగితం గుర్తుంచుకోండి, దానితో పని ఉంది.

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు అక్కడి సర్కారు, మీరు ఈ దేశం వాళ్ళు కాదు, పొండి అంది. రేవులో మమ్మల్ని కోడిని ఈకలు పీకినట్టు పీకారు. అమ్మ చెవులవి తీసుకున్నారు. నాన్న వెండి మొలతాడు తీసుకున్నారు. రేకు పెట్టె తీసుకున్నారు. బాప్తిస్మం కాగితం ఆ పెట్టెలోనే ఉండిపోయింది. ఓడ దిగేటప్పటికి మాకు మిగిలినవి ముగ్గురు మనుషులు, ఒక దుప్పటి. బాపట్ల దగ్గర రేకుల షెడ్డులో కొన్నాళ్ళు ఉంచారు. తర్వాత నాన్న మమ్మల్ని తన పల్లెకి తీసుకొచ్చాడు. తీసుకొచ్చిన ఏడే జ్వరంతో పోయాడు.

నాన్నని సమాధుల దొడ్డిలో దిబ్బ మీద పెట్టారు. అప్పుడు ఎవరూ అడ్డం చెప్పలేదు. బర్మా నుంచి వచ్చిన కూలీవాడు ఎత్తు మీద ఉంటే ఏంటి, పల్లంలో ఉంటే ఏంటి అనుకున్నారు. తర్వాత కాలవ వెడల్పు చేశారు, ఊట పెరిగింది. పల్లం వైపు మూడడుగులు తవ్వితే నీళ్ళు. వానాకాలంలో పెట్టె దించితే పైకి తేలేది. ఇద్దరు మనుషులు దాని మీద నిలబడి తొక్కిపడితే మట్టి వేసేవాళ్ళు. ఇవి నేను కళ్ళారా చూసినవి. దాంతో మా నాన్న పడుకున్న దిబ్బకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. నాన్న పక్కన ఇంకొక్కరికి చోటుంది. ఒక్కరికే.

ఇక నా మిలిటరీ. నాన్న పోయాక బాపట్ల స్కూలు మైదానంలో సెలక్షను జరుగుతోందంటే పోయాను. దేశం కోసం కాదు. రోజుకి రెండు పూటలా తిండి పెడతారన్నారు, అందుకని పోయాను. బల్ల ముందు కూర్చున్న గుమాస్తా అడిగాడు.

"ఏ ఊరు?"

"రంగూనండి."

"ఇండియాలో ఏ ఊరు?"

"ఇంకా ఖాయం కాలేదండి."

ఆయన నా మొహం చూశాడు. అమ్మ పోలిక, కళ్ళు చిన్నవి. ఛాతీ చూశాడు. నాన్న పోలిక, బస్తాలు మోసిన వంశం. "రేపల్లె అని రాస్తున్నా. ఎవరడిగినా అదే చెప్పు" అన్నాడు. అలా నేను రేపల్లెవాడినయ్యాను. అప్పటికి రేపల్లె స్టేషను కూడా సరిగ్గా చూడలేదు.

పదిహేడేళ్ళు చేశాను. తుపాకీ కంటే కంచరగాడిద తోక ఎక్కువ చూశాను. కొండల మీదికి బియ్యం, కిరసనాయిలు, ఉత్తరాలు మోసే కంపెనీ మాది. ఊళ్ళోవాళ్ళు యుద్ధం కథలు చెప్పమంటే, గాడిద ఎప్పుడు తంతుందో, ఏ వైపు నిలబడితే తన్నదో చెప్పేవాడిని. లేచి వెళ్ళిపోయేవాళ్ళు. బర్మాలో నన్ను పరాయివాడు అన్నారు. మిలిటరీలో మద్రాసీ అన్నారు. మద్రాసు వాళ్ళు నేపాలీ అన్నారు. మా పల్లెకి తిరిగొచ్చాక బర్మావాడు అన్నారు. కర్లపాలెం నుంచి వచ్చిన నా భార్య ఒక్కతే నన్ను ఏ దేశమూ అంటగట్టకుండా "ఇదిగో, నిన్నే" అని పిలిచేది.

ఒక్క సంగతి మాత్రం మిలిటరీ నుంచి మనసులో పెట్టుకొచ్చాను. ఒకసారి మా గాడిద ఒకటి చలికి చచ్చిపోయింది. మా సుబేదారు ఎత్తు చూసి, మంచు కరిగినా నీళ్ళు నిలవని చోట గుంట తవ్వించాడు. పద్దెనిమిది మందిమి తవ్వాం. అది నంబరు ఉన్న గాడిద, దాని పేరు పుస్తకంలో ఉంది, దానికి చోటు ఉండాలి అన్నాడు. నేను తిట్టుకుంటూ తవ్వాను.

తిరిగొచ్చాక రేపల్లెలో ఒక గోడౌనుకి కాపలా ఉండేవాడిని. నెలకోసారి తెనాలికి మిలిటరీ కేంటీను బండి వచ్చేది. సబ్బులు, కొబ్బరినూనె, టీపొడి, రమ్ము. రేపల్లె నుంచి రైలెక్కి తెనాలి పోయి, వరసలో నిలబడి తెచ్చుకునేవాడిని. తిరుగు రైల్లో సీసా ఎంత దాచినా జనానికి తెలిసిపోయేది. "ఏంటి బాబాయ్, సంచి నిటారుగా కూర్చుంది?" అనేవాళ్ళు. ఎండుచేపల మధ్య పెట్టి చూశాను. అప్పుడు చేపలూ సీసా రెండూ అడిగారు. ఇంటికి రాగానే నల్ల ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసేవాడిని. తాళంచెవి పాత బూటులో. రోజూ సాయంత్రం తీసి, రెండు మూతలు కొలిచి తాగి, మళ్ళీ తాళం. ఎవరికీ చుక్క ఇచ్చేవాడిని కాదు. మా అమ్మ గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తూ ఇదంతా చూసేది. ఏమీ అనేది కాదు. చూసేది.

అమ్మకి డెబ్బై దాటాయి. ఒకరోజు చుట్ట పక్కన పెట్టి అంది.

"ఒరేయ్, నేను పోతే ఎక్కడ పెడతావు?"

"ఇప్పుడెందుకమ్మా ఆ మాట?"

"పోయాక అడిగితే చెబుతావా? మీ నాన్న పక్కన పెట్టు. పల్లంలో పెట్టకు. ఓడలో పదకొండు రోజులు నీళ్ళ మీద ఉన్నా. చాలు నాకు నీళ్ళు."

సెక్రటరీ మాస్టారి దగ్గరికి పోయాను. ఆయన రిటైరైన టీచరు. సంఘం పుస్తకం ఆయన బీరువాలో, బీరువా తాళం ఆయన నడుముకి. పుస్తకంలో పేరు ఉన్నవాళ్ళకే దొడ్డిలో చోటు. దిబ్బ మీద ఎవరికి, పల్లంలో ఎవరికి అన్నది కూడా ఆయనే రాయాలి. నేను వచ్చీరాని మాటలతో అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీ అమ్మది బాప్తిస్మం కాగితం ఉందా?"

"రేవులో పోయిందండి."

"కాగితం లేకపోతే ఆవిడ బుద్ధుడి మనిషో, మన మనిషో నాకెలా తెలుస్తుంది బాబూ?"

"ఇరవై ఏడేళ్ళ నుంచి ప్రతి ఆదివారం మీ ఎదురుగానే కూర్చుంటోంది కదండీ."

"కూర్చోవడం వేరు, కాగితం వేరు." ఆయన ఒకసారి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించారు. "నాకీ మధ్య దగ్గు పట్టుకుంది. ఏ మందుకీ లొంగడం లేదు. మీ మిలిటరీ మందు మంచిదంటారు కదా. ఓ మూడు నెలలు వాడి చూస్తే, నీ సంగతి కూడా చూద్దాం."

నేను మొండివాడినే గానీ మూర్ఖుడిని కాను. అర్థమైంది. నవంబరు సీసా ఇచ్చాను. డిసెంబరు సీసా ఇచ్చాను. ఆ రెండు నెలలూ నేను సాయంత్రాలు టీ తాగి బతికాను. జనవరి సీసా తెచ్చి, ఫిబ్రవరి మొదటి ఆదివారం కోత పండుగ అయ్యాక ఇస్తానని చెప్పాను. అది ముట్టగానే పేరు ఎక్కుతుందని ఆయన మాట.

ఇంతలో ఇంకో తమాషా జరిగింది. ఆ ఏడు ఊరూరా పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పించారు. మా చర్చి వసారాలో సాయంత్రం ఐదింటికి బడి. నేర్పేది ఎవరో కాదు, సెక్రటరీ మాస్టారి భార్య, మా అందరికీ టీచరమ్మ. ఆవిడ కూడా స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. యాభై ఏళ్ళు దాటిన నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. నాకు పలక, బలపం. సుబేదారు కేకలకి బెదరని నేను ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూస్తే బెదిరేవాడిని.

"మిలిటరీ వాడివి, గీత నిటారుగా రాదేంటి?"

"గాడిదలు ఎప్పుడూ నిటారుగా నడవలేదమ్మా."

"ఇక్కడ గాడిద లేదు, నువ్వున్నావు. మళ్ళీ రాయి."

ఆవిడ మాటల మధ్య అప్పుడప్పుడు, "మా ఆయనకి దగ్గు. పాపం, ఏదో కషాయం పుచ్చుకుంటున్నారు. పుచ్చుకున్న రోజు హాయిగా నిద్రపోతున్నారు" అనేవారు. నేను తల వంచుకుని పలక మీద ఇంకా గట్టిగా రుద్దేవాడిని. జనవరి చివరికి నా సంతకం నేనే చేయగలిగాను. చేయడానికి చాలాసేపు పట్టేది. ఒక చుట్ట కాలిపోయేంతసేపు అని మా అమ్మ కొలత.

కోత పండుగ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. కోతలు అయ్యాక ప్రతి ఇల్లూ తన పంటలోంచి కొంత దేవుడి బల్ల ముందు పెడుతుంది. కొత్త బియ్యం, కోడిపుంజు, అరటిగెల, గుడ్లు, ఎవరికి ఏది ఉంటే అది. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు. ఒకసారి బల్ల ముందు పెట్టిన వస్తువుని ఎవరూ వెనక్కి తీసుకోకూడదు. పంట లేనివాడు సంతలో కొనుక్కొచ్చి పెట్టినా ఒప్పుకుంటారు. నా భార్య దొడ్లో కాసిన గుమ్మడికాయని గోనెగుడ్డలో కట్టింది. నేను మాస్టారి సీసాని ఇంకో గోనెగుడ్డలో కట్టి పెట్టెలో పెట్టాను. ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి తీసుకెళ్దామని.

ఆదివారం పొద్దున అమ్మ ముందే చర్చికి బయల్దేరింది. "మూట నేను తీసుకుపోతా, మీరు నెమ్మదిగా రండి" అంది. ముసలావిడ బరువు మోస్తానంటోందని నా భార్య ముచ్చట పడింది. నేనూ ముచ్చట పడ్డాను. బూటులో తాళంచెవి ఉందో లేదో చూసుకుని ఉంటే ఆ ముచ్చట తగ్గేది.

ఇప్పుడు పదకొండు ఇరవైకి వద్దాం.

మాస్టారు మూట కట్టేస్తున్నారు. ముడి పడటం లేదు. ఆయన చూపు నేరుగా నా మీద. ఇది నీ పనే కదా అన్నట్టు చూపు. నేను తల అడ్డంగా ఊపుతున్నాను. నడవకి అవతల నుంచి నా భార్య నా వైపు వంగి గొణిగింది. "గుమ్మడికాయ ఇంట్లో ఉండిపోయిందా?"

పాస్టరుగారిని మేం అయ్యగారు అనేవాళ్ళం. మంచి మనిషి, నవ్వు ఆపుకోవడం ఒక్కటే రాదు. ఆయన అడిగారు.

"ఏంటండి మాస్టారూ, ఆపేశారు?"

"ఏం లేదండి అయ్యగారూ. ఎవరో పొరపాటున పెట్టారు. పక్కన పెట్టేద్దాం."

"పొరపాటేంటయ్యా," అని ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. మా అమ్మ. గోడ పట్టుకుని లేచి నిలబడింది. "నేనే పెట్టా."

మా అమ్మ మిల్లు గేటు దగ్గర తెలుగు నేర్చుకున్న మనిషి. కూలీవాడినైనా, అయ్యగారినైనా, కలెక్టరునైనా నువ్వు అనే పిలుస్తుంది.

"అదేంటో తెలుసా అమ్మా నీకు?" అన్నారు అయ్యగారు.

"తెలియకేం? మా వాడు పెట్టెలో పెట్టి తాళం వేసేది. కట్టుకున్నదానికి కూడా చుక్క ఇవ్వడు. మా ఇంట్లో దానికంటే గొప్ప వస్తువు లేదు. మా దేశంలో ఇంట్లో ఏది గొప్పదైతే అది పెట్టేవాళ్ళం. గుమ్మడికాయకి ఎవడైనా తాళం వేస్తాడా?"

వెనక వరసల్లో మగవాళ్ళు నవ్వారు. నేను బెంచీ కిందికి దూరిపోదామని చూశాను, పట్టలేదు. అమ్మ ఆపలేదు.

"అసలు మా వాడు అది మాస్టారికి ఇవ్వాలని కట్టాడు. నాకు మా ఆయన పక్కన చోటు రాయడానికి. మొదటి నెల ఒకటి ఇచ్చాడు. ఆ తర్వాత నెల ఒకటి ఇచ్చాడు. మాస్టారు పెద్దవాడే, కాదనను. దేవుడు ఇంకాస్త పెద్దవాడు కదా, ముందు ఆయనకి చూపిద్దామని ఇక్కడ పెట్టా. నీ ప్రార్థన అయిపోయింది కదా అయ్యా. ఇక మాస్టారికి ఇచ్చెయ్."

చర్చిలో కోడిపుంజు ఒక్కటే కూసింది. కాళ్ళు కట్టేసి బల్ల కింద పడుకోబెట్టిన పుంజు.

అప్పుడు టీచరమ్మ లేచారు. ఆవిడ అమ్మ వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. భర్త వైపు చూశారు.

"రెండు ఇచ్చాడా?"

మాస్టారు ఏదో చెప్పబోయారు. ఖర్మ, సరిగ్గా అప్పుడే ఆయనకి దగ్గొచ్చింది. నిజం దగ్గే, పాపం. కానీ ఆ దగ్గుకి చర్చి మొత్తం పగలబడి నవ్వింది. అయ్యగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతూ ఉండటం నాకు కనబడింది.

కాసేపటికి ఆయన మొహం సరిచేసుకుని, "బల్ల ముందు పెట్టింది వెనక్కి పోదు. మన పద్ధతి అది. పాట మొదలుపెట్టండి మాస్టారూ" అన్నారు.

"అయ్యగారూ, ఇదా?"

"ఇదే."

మాస్టారు సీసాని రెండు వేళ్ళతో, అప్పుడే పుట్టిన ఎలకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని పైకెత్తారు. నిరుడు ఆ చేత్తోనే అరటిగెలని ఎత్తి ఎంత గొప్పగా వేలం వేశారో! మగవాళ్ళ వైపు ప్రతివాడి కళ్ళూ సీసా మీదే, ఒక్కడి నోరూ లేవడం లేదు. ప్రతివాడి భార్యా ఎదురు వరసలోంచి చూస్తోంది. మా ఊరి కాంపౌండరు ఒక్కడు ధైర్యం చేసి, "వైద్యానికి పనికొస్తుందండి, రొమ్ముకి రుద్దడానికి..." అన్నాడు. అవతలి నుంచి అతని భార్య గట్టిగా గొంతు సవరించింది. అంతే, కూర్చున్నాడు.

"నేను తీసుకుంటాను," అన్నారు టీచరమ్మ. "రెండు గుమ్మడికాయల ధర."

ఆవిడ మీద పాట పెంచేవాడు మా ఊళ్ళో పుట్టలేదు. సొంత భార్య పాటని మాస్టారు చర్చిలో నిలబడి చెప్పాల్సి వచ్చింది. "టీచరమ్మగారి పాట, ఒకటోసారి." గొంతు సగమైంది. "రెండోసారి." ఇంకా సగమైంది. మూడోసారి అన్నది పెదవులు చూసి తెలుసుకున్నాం.

ఆవిడ సీసా తీసుకుని గుమ్మం దాటి, మెట్లు దిగి, చర్చి ముందున్న కొబ్బరిచెట్టు మొదట్లో మూత తీసి బోర్లించారు. చివరి చుక్క దాకా. వాసన లోపలికి వచ్చింది. తెనాలిలో ఎండలో వరసలో నిలబడి తెచ్చిన సీసా. కొండ మీద నా గాడిద లోయలోకి జారిపోయినప్పుడు కూడా నా కళ్ళు తడవలేదు. ఆ రోజు తడిశాయి. పశ్చాత్తాపం అనుకుని అయ్యగారు నా భుజం తట్టారు. నేను కాదనలేదు.

కానీ అసలు పని మిగిలే ఉంది. సీసా పోయింది, మాస్టారి పరువు పోయింది, ఇక ఈయన చచ్చినా పేరు రాయడు అనుకున్నాను. అమ్మ ఇంకా నిలబడే ఉంది.

"చోటు సంగతి ఏంటయ్యా?" అని అడిగింది.

"మాస్టారూ, పుస్తకం తెండి," అన్నారు అయ్యగారు.

"ఆవిడ బాప్తిస్మానికి కాగితం లేదండి," అన్నారు మాస్టారు నేల చూస్తూ. ఓడిపోయినా నిబంధన వదలని మనిషి. ఆ ఒక్కందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

అయ్యగారు అమ్మని అడిగారు. "నీకు బాప్తిస్మం ఎవరిచ్చారమ్మా? గుర్తుందా?"

"పొట్టివాడు. నల్లకోటు. వేలికి కట్టు ఉంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నెత్తి మీద పొయ్యగానే తిట్టా."

"ఏమని తిట్టావు?"

"ఇక్కడ చెప్పకూడదు." నా వైపు తిరిగి, "మీ నాన్నని మాత్రం కాదు" అంది.

మళ్ళీ నవ్వులు. అయ్యగారు ఈసారి బైబిలు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయారు. "ఎవరైనా కల్పించి చెబితే ప్రార్థన చేశానంటారు గానీ తిట్టానని చెప్పరు. నాకు ఇది చాలు. రాయండి మాస్టారూ. పేరు రాయండి, భర్త పక్కన, దిబ్బ మీద అని చోటు కూడా మీ చేత్తోనే రాయండి. ఇంటి యజమాని సంతకం పెడతాడు."

మాస్టారు బీరువా తెరిచి పుస్తకం తెచ్చారు. పుస్తకంతో పాటు సిరాడబ్బా కూడా తెచ్చారు, వేలిముద్ర కోసం. అలవాటు కొద్దీ తెచ్చారో, నన్ను చిన్నబుచ్చడానికి తెచ్చారో ఆయనకే తెలియాలి. నేను వేలు ముందుకి చాపాను కూడా. మిలిటరీలో జీతానికి, సెలవుకి, రైలు వారంటుకి, బూట్లకి పదిహేడేళ్ళు చాపిన వేలు. దానంతటదే వెళ్ళింది.

గుమ్మంలో నుంచి టీచరమ్మ ఖాళీ సీసా పట్టుకునే వచ్చారు. "ఆ డబ్బా తీసెయ్యండి. అతను నా దగ్గర చదువుకున్నాడు."

కలం ఇచ్చారు. అందరూ చుట్టూ మూగారు. ఎత్తు మీద చోటు నా చేతి గీత మీద ఉంది. ఇక్కడ తప్పు రాస్తే మాస్టారు చెల్లదంటాడని నాకు చెమటలు పట్టాయి. మొదటి అక్షరం బాగానే దిగింది. రెండోది గాడిదలాగే పక్కకి పోయింది. టీచరమ్మ వేలితో కాగితం మీద తట్టి, "నిటారుగా" అన్నారు. నిటారుగా తెచ్చాను. చివరి అక్షరం తోక గీత దాటి కింద రాసిన ఇంకో ఇంటివాళ్ళ వరసలోకి పోయింది. ఇప్పటికీ అలాగే ఉంది, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. అమ్మ బయటికి వెళ్ళి చుట్ట వెలిగించుకుని, కాల్చి, పారేసి వచ్చింది. అప్పుడు పూర్తయింది.

"అయిందా?" అంది.

"అయిందమ్మా."

"ఇప్పుడు నీళ్ళలో పెట్టరు కదా?"

"పెట్టరు."

"అయితే పద, ఇంట్లో గుమ్మడికాయ ఉంది, వండుకుందాం."

దారిలో అడిగాను. "అమ్మా, నిజం చెప్పు. నీకు తెలిసే చేశావా? మాస్టారిని అందరి ముందు పట్టివ్వాలనే కదా?"

అమ్మ నా వైపు తిరిగి, ఓడ దిగిన రోజు మొహం పెట్టింది. ఏ భాషా రానట్టు. ఏం అడిగినా తెలియనట్టు. రంగూను రేవులో సోదా చేసేవాళ్ళు జుట్టుముడి విప్పి చూపించమన్నప్పుడు కూడా ఆ మొహమే పెట్టింది. ముడి విప్పకుండానే ఓడెక్కింది. అందులో ఒక ఉంగరం ఉందని అప్పటికి నాకూ తెలియదు. మా నాన్న పోయినప్పుడు శవపెట్టె కొన్నది దాన్ని అమ్మిన డబ్బుతోనే.

చోటు ఖాయమయ్యాక ఆవిడకి పోవాలన్న తొందర లేకుండా పోయింది. ఇంకా ఆరేళ్ళు ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక దిబ్బ ఎక్కి, తన చోటులో గొడుగు వేసుకుని కూర్చుని, చుట్ట కాలుస్తూ నాన్నతో బర్మా భాషలో మాట్లాడేది. గడ్డి పెరిగితే నన్ను పీకమనేది. మేక ఎక్కితే రాయి విసిరేది. మాస్టారు ఆ వైపు వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవారు. అమ్మ ఊరుకునేదా? "మాస్టారూ, దగ్గు తగ్గిందా?" అని అరిచేది. ఆయన దగ్గు ఆ ఆదివారంతోనే తగ్గిపోయింది. మళ్ళీ రాలేదు.

తొంభై ఎనిమిది వానాకాలంలో పోయింది. మూడు రోజుల ముసురు. పల్లం వైపు సమాధుల దొడ్డి చెరువులా ఉంది. దిబ్బ మీద నేనూ ఇంకో ఇద్దరం తవ్వాం. గుంట ఎలా తీయాలో నాకు మిలిటరీ నేర్పింది. మొలలోతు తీసినా నీళ్ళు రాలేదు. భుజం లోతు తీసినా రాలేదు. పెట్టె మోసిన నలుగురిలో మాస్టారు ఒకరు. పిలవకుండానే వచ్చారు. దించాక గుంటలోకి వంగి చూసి, "పొడిగా ఉంది బాబూ," అన్నారు. "పొడిగానే ఉందండి" అన్నాను. ఆ ఏడు నుంచి ఆయనతో మళ్ళీ మాట్లాడుతున్నాను.

కానీ నేను చెప్పింది ఆ ఆదివారం గురించి. పుస్తకంలో నా సంతకం ఎండేదాకా బల్ల చుట్టూ నిలబడి చూసినవాళ్ళు వీళ్ళు. నవ్వు దాచుకోలేని అయ్యగారు. సిరాడబ్బా వెనక్కి పెట్టుకున్న సెక్రటరీ మాస్టారు. ఖాళీ సీసాతో టీచరమ్మ. ఆ సీసాలో ఆ తర్వాత ఆవిడ మా పలకలు తుడుచుకోవడానికి నీళ్ళు పోసి పెట్టేవారు. రొమ్ము మందు దక్కని కాంపౌండరు, అతని చొక్కా పట్టుకున్న అతని భార్య. గుమ్మడికాయని ఏం చేయాలా అని ఆలోచిస్తున్న నా భార్య. బల్ల కింద కాళ్ళు కట్టేసి ఉన్న పుంజు. కలం పట్టుకున్న నేను. చుట్ట వాసనతో మా అమ్మ. కిటికీలోంచి చూస్తే కనబడే దిబ్బ మీద, పక్కన చోటు ఖాళీగా పెట్టుకుని, మా నాన్న. ఎప్పుడైనా ఇదంతా రాస్తే ఆయన్ని కూడా ఈ లెక్కలో కలపమని అమ్మ ఆ రోజే చెప్పింది.